సూరిబాబుని ఏసేద్దాం

గోడ మీద సూరిబాబు బూటు తయారైపోయింది. మనిషే ఇంకా తయారు కాలేదు.

కనకాలపేటలో మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ గోడ అది. రోడ్డుకి ఎదురుగా ఉంటుంది. యానాంలోకి వచ్చే ప్రతి ఆటో దాని ముందు నుంచే పోవాలి. ఆ గోడ కోసం జోసెఫిన్ ఫ్యాక్టరీ వాళ్ళ చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. “పాకుడు గీకి, ప్రైమర్ కొట్టి, మంచి బొమ్మ వేసి పెడతామండీ, రూపాయి ఇవ్వక్కర్లేదు” అని ఒప్పించింది. బొమ్మ ఎవరిదో మాత్రం చెప్పలేదు.

పొద్దు పొడిచి ఎంతోసేపు కాలేదు. పరంజా మీద నిలబడి ఆమె బూటు మడమకి నల్లరంగు దిద్దుతోంది. ఆ బూటు కింద ఒక చెయ్యి. చేతికి అయిదు వేళ్ళు. ఆ వేళ్ళు ఆమె తమ్ముడు లూయిస్‌వి.

లూయిస్ పై మెట్టున కూర్చుని ఎడంచేత్తో సుద్దముక్క పట్టుకుని సూరిబాబు చెవి గీస్తున్నాడు. వాడికి పదిహేడేళ్ళు. పోయినేడు దాకా కుడిచేత్తో గీసేవాడు.

కింద కిరణ్ రంగులు కలుపుతున్నాడు. పేటలో చావైనా పెళ్ళైనా డప్పు వాడిదే, పాటా వాడిదే. పక్కన తేజస్విని మోకాళ్ళ మీద అట్ట పెట్టుకుని అక్షరాలు సరిచూసుకుంటోంది. లా చదువుతోంది. గోడల మీద ఆమె అక్షరం పడితే అచ్చు వేసినట్టుంటుంది. నలుగురిదీ ఒకటే పేట, ఒకటే చర్చి. బయటివాళ్ళకి ఆ పేట పేరు చెప్పగానే కులం తెలిసిపోతుంది.

“బొమ్మ కింద ఏం రాద్దామక్కా?” అంది తేజస్విని.

“వీడు దొంగ కాడు అని రాయవే,” అన్నాడు కిరణ్.

“దొంగనే అనుకోండెహె!” పైనుంచి లూయిస్ అరిచాడు. “మేత బస్తా నేనే ఎత్తుకెళ్ళాననుకోండి. అయితే? వేళ్ళు విరగ్గొట్టేత్తారా?”

కిరణ్ రంగుడబ్బా వైపు తిరిగాడు. లూయిస్ అన్నదాంట్లో తప్పేం లేదు.

ఏటవతల సూరిబాబుకి రొయ్యల చెరువులున్నాయి. పోయినేడు అక్కడ మోటారు షెడ్ల మీద నంబర్లు వేసే పనికి వెళ్ళాడు లూయిస్. అదే రోజు మేత బస్తా ఒకటి కనపడలేదు. ‘పేట కుర్రోడు ఒక్కడే వచ్చాడు, వాడే’ అనేశారు. చెరువు తూము చెక్క మీద వాడి కుడిచెయ్యి పెట్టించి, పాలేర్లు అదిమి పట్టుకుంటే, సూరిబాబు తానే బూటు కాలితో ఎక్కి తొక్కాడు. ఆ తర్వాత అవతలి స్టేషన్‌లో అప్పగించాడు. అక్కడ వాడి నూనూగు మీసం చూసి వయసు పంతొమ్మిదని రాశారు. పెద్దవాళ్ళ జైల్లో వేశారు. బాప్తిస్మం కాగితం, బడి కాగితం పట్టుకుని తేజస్విని, ఆమె సీనియర్ లాయరూ కోర్టు మెట్లెక్కి విడిపించేసరికి వాడి వేళ్ళు వంకరగా అతుక్కుపోయాయి. లోపల ఏం జరిగిందో లూయిస్ ఇప్పటికీ చెప్పలేదు. వెనకనుంచి ఎవరైనా నడిచొస్తే మాత్రం ఉలిక్కిపడి గోడకి వీపు ఆన్చేస్తాడు. వచ్చిన మర్నాడే మీసం గీసేశాడు.

“వయసు పదిహేడు. అంతే రాద్దాం,” అంది తేజస్విని. “చూసినోళ్ళకి అదే చాలు.”

“ఎవడు నమ్ముతాడే?” కిరణ్ డబ్బాలో కర్ర గిరగిరా తిప్పాడు. “మన పేటోడు పదిహేనేళ్ళకే మగాడైపోతాడు. కారు గుద్ది మనిషిని చంపిన పెద్దింటోడు పాతికేళ్ళకీ కుర్రోడే. పాపం, తెలీక చేశాడంటారు. మనోడు తెలిసి పుడతాడు మరి!”

“పాట కట్టరా దాని మీద,” జోసెఫిన్ నవ్వింది.

“కట్టాను. మా అమ్మ విని చెప్పు తీసింది. జైల్లో కూడు తినాలనుందా అంది.”

లూయిస్ సుద్దముక్క ఆపాడు. “తేజక్కా, నిజంగా ఏదైనా చేసుంటే నన్నేం చేసేవోళ్ళు?”

“దొంగతనమా? ఏం చేస్తారు, పిల్లల కేసులు చూసే బోర్డు ముందు పెడతారు. తిట్టి పంపేస్తారు, లేదా కొన్నాళ్ళు హోమ్‌లో ఉంచుతారు.”

“కొట్లాటైతే?”

“అదీ అంతే. హత్యాయత్నమైనా బోర్డే చూడాలి. ప్రాణం పోతేనే వేరు.” తేజస్విని అట్ట పక్కన పెట్టింది. “పదహారు దాటినోడు హత్య చేస్తే, వీడి బుర్ర పెద్దోడి బుర్రే అని బోర్డుకి తోస్తే పెద్దోళ్ళ కోర్టుకి పంపొచ్చు. ఇరవయ్యొకటి వచ్చేదాకా వేరే చోట ఉంచుతారు. ఆ తర్వాత జైలే.”

“పెద్దోళ్ళ జైలు.”

“ఆఁ.”

“అదే కదా,” అన్నాడు లూయిస్. మళ్ళీ చెవి గీయసాగాడు.

జోసెఫిన్‌కి ఆ ‘అదే కదా’ నచ్చలేదు. సందేహం తీరినవాడి గొంతులా లేదది, లెక్క చూసుకున్నవాడి గొంతులా ఉంది. అమ్మ తెరేసా పదేపదే చెప్పే మాట గుర్తొచ్చింది. ‘ఇంకోసారి వాడు ఆ జైలు గేటు లోపలికెళ్తే మనిషై తిరిగి రాడే జోసీ. నువ్వే కనిపెట్టుకోవాలి.’ అందుకే తమ్ముడి చేతికి సుద్దముక్క ఇచ్చింది. ఎడంచేత్తో గీత గీయడం తానే నేర్పింది. లోపల ఉన్నదంతా గోడ మీదికి కక్కేస్తే వాడు మామూలు మనిషౌతాడని ఆమె ఆశ.

కిరణ్ ఫోన్ మోగింది. అవతల ఎవరో గాభరాగా మాట్లాడుతున్నారు. “ఏంటీ? ఏ గ్రూపులో?” అంటూ కిరణ్ ఫోన్ చూసుకున్నాడు. చూసి, కడుపు పట్టుకుని నవ్వుతూ ఇసకలో కూలబడ్డాడు.

“ఒరేయ్ లూయీ! రాత్రి నువ్వు పెట్టిన వాయిస్ మన గ్రూపులో పెట్టావా, క్రికెట్ గ్రూపులో పెట్టావా?”

“మన గ్రూపులోనే.”

“నీ మొహం! ఊరందరూ ఉన్నదాంట్లో పెట్టావు. వినండే!”

ఫోన్‌లోంచి లూయిస్ గొంతు పలికింది. ‘రేపు పొద్దున్నే సూరిబాబుని ఏసేద్దాం. మొహం నేనే ఏత్తాను, ఎవడూ ముట్టుకోవద్దు. ఎరుపు చాలదు, ఎక్కువ కావాలి. తాడు కూడా తెండి.’

తేజస్విని కూడా నవ్వేసింది. తాడు పరంజా కట్టడానికి. ఎరుపు బొమ్మ వెనక ఆకాశానికి. వేయడమంటే బొమ్మ వేయడం. బొమ్మలేసేవాళ్ళకి ఆ మాట నోట్లో నానుతూనే ఉంటుంది. ‘నిన్న ఎవర్నేశారు?’ ‘చర్చి ఫాదర్‌ని ఏశాం.’ ‘రేపు?’ ‘పెళ్ళికొడుకుని ఏసెయ్యాలి.’ తమలో తాము పొద్దస్తమానం అనుకునే మాట బయటివాడి చెవికి ఎలా వినపడుతుందో నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు.

జోసెఫిన్‌కి ఇప్పుడు తట్టింది. చేతిలో బ్రష్ ఆగిపోయింది.

“దాన్ని తీసెయ్యరా ముందు! సామాన్లు సర్దండి. ఇంటికి పోదాం.”

“ఏంటే జోసీ, జోకుకి...”

“సర్దమన్నానా!”

ఆలస్యమైపోయింది. మెట్టకూరు వైపునుంచి జీపొకటి దుమ్ము లేపుకుంటూ వచ్చి గోడ ముందు ఆగింది. ముందు దిగినవాడు అప్పారావు. చెరువుల కాపలాదారు, చేతిలో నీళ్ళు చిలికే ఏరియేటర్ తాలూకు ఇనపరాడ్డు. వెనక ఇంకిద్దరు. ఒకడి చేతిలో కొబ్బరిబొండాల కత్తి. చివరికి సూరిబాబు దిగాడు. తెల్లచొక్కా, కాళ్ళకి అవే బూట్లు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. రాత్రంతా నిద్రపోయినట్టు లేడు.

“నన్నేసేత్తార్రా?” అన్నాడు. గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువగా ఉంది. “పేట నా కొడుకులు నన్నేసేత్తారా? తాళ్ళు, కత్తులు తెచ్చుకుని కూర్చున్నార్రా నాకోసం? నా పెళ్ళాం ఆ వాయిస్ విని రాత్రినుంచీ ఏడుత్తా ఉంది!”

జోసెఫిన్ పరంజా మీంచి దూకేసింది. రెండు చేతులూ పైకెత్తి ఎదురెళ్ళింది. “బాబుగారూ, ఆయ్, ఒక్కమాట వినండి. ఏయడమంటే బొమ్మండీ! చంపడం కాదండీ బాబూ! మేం బొమ్మలేసేవోళ్ళం. అదిగో సూడండి, గోడ మీద మీ బొమ్మేత్తన్నాం. ఎరుపంటే రంగండీ.”

సూరిబాబు నోరు తెరుచుకునే ఉంది. మొహంలో బిగువు సడలింది. “బొమ్మా?” అన్నాడు. అప్పారావు కూడా రాడ్డు దించి, “ఓర్నీ, బొమ్మంటండి,” అంటూ పళ్ళికిలించాడు. ఒక్క క్షణం ఆ రోడ్డు మీద అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ క్షణంలో జీపు తిరిగి వెళ్ళిపోయి ఉంటే ఈ కథే లేదు.

కానీ సూరిబాబు గోడ వైపు చూశాడు.

మొదట ఎత్తు చూశాడు. రెండంతస్తుల మనిషి. తర్వాత సుద్దతో గీసిన చెవి, దవడ, పొట్ట మీద చొక్కా గుండీలు చూశాడు. చివరికి చూపు కిందికి దిగి బూటు దగ్గర ఆగింది. బూటు కింద నలిగిన వేళ్ళ దగ్గర ఆగింది. యానాం వచ్చే ప్రతి ఆటోలోంచి జనం తలలు బయటపెట్టి చూసే చోట.

చంపుతారనుకున్నప్పుడు వాడి మొహంలో భయం ఉంది. ఇప్పుడది పోయి ఇంకేదో వచ్చింది.

“చంపేత్తే ఒక్కసారే పోతాన్రా,” అన్నాడు మెల్లగా. “ఇలా ఏత్తే రోజూ పోవాలి. నా కూతురు ఈ రోడ్డునే కాలేజీకెళ్తాది.” అప్పారావు వైపు తిరిగాడు. “చెరిపించు. చెరిపినాక ఇంకోసారి గీయకుండా చూడు.”

అప్పారావు రాడ్డుతో పరంజా కట్టు మీద బలంగా కొట్టాడు. అప్పుడే లూయిస్‌ని దింపుదామని పైకెక్కిన కిరణ్, కర్రలతో సహా కింద కూలాడు. తల మురిక్కాలవ సిమెంటు అంచుకి తగిలింది. కొబ్బరికాయ పగిలినట్టు చప్పుడు. నెత్తురు చెవిమీంచి మెడకి కారింది. కిరణ్ లేవబోయి, మళ్ళీ ఒరిగిపోయాడు.

“కిరణ్!” అంటూ తేజస్విని పరిగెత్తబోతే కత్తి లేనివాడు జడ పట్టి వెనక్కి లాగాడు. ఆమె వాడి మణికట్టు కొరికింది. వాడు పిడికిలితో మొహం మీద గుద్దాడు. పెదవి చీలిపోయింది. మళ్ళీ గుద్దాడు. ఆమె మోకాళ్ళ మీద పడ్డా వాడు జడ వదల్లేదు.

జోసెఫిన్ తెల్లరంగు డబ్బా ఎత్తి వాడి మొహాన విసిరింది. వాడు కళ్ళు పట్టుకుని కేకలు పెడుతుంటే అప్పారావు రాడ్డు ఆమె పక్కటెముకల మీద దిగింది. ఊపిరి ఆగింది. నేల కళ్ళముందుకొచ్చింది. నోట్లో ఇసక, ఇనుము రుచి. మళ్ళీ రాడ్డు లేస్తుందని తల దాచుకుంది. లేవలేదు. అప్పారావు ఇంకో వైపు చూస్తున్నాడు.

పరంజాలో కూలని సగం మీద లూయిస్ నిలబడి ఉన్నాడు. అక్కడినుంచి సూరిబాబు మీదికి దూకాడు.

ఇద్దరూ కలిసి కాలవ గట్టు మీద పడ్డారు. కత్తి పట్టినవాడు అడ్డొచ్చి ఒక వేటు వేశాడు. లూయిస్ భుజం మీద చొక్కా, చొక్కా కింద కండ తెగాయి. వాడు కనీసం ఆఁ అని కూడా అనలేదు. తలతో ఆ మనిషి ముక్కు మీద గుద్దాడు. ముక్కు పగిలి అతను కూలబడ్డాడు, కత్తి జారింది. లూయిస్ ఎడంచెయ్యి దాన్ని అందుకుంది. సూరిబాబు పాక్కుంటూ పోబోతుంటే వీపు మీద మోకాలు పెట్టి ఆపాడు. తిప్పి వెల్లకిలా పడేశాడు. గుండెల మీద కూర్చుని కత్తి గొంతుకి ఆనించాడు.

అప్పారావు అడుగు ముందుకి వేశాడు. కత్తి ఇంకాస్త లోపలికి దిగింది. సూరిబాబు మెడ మీద ఎర్రగీత పుట్టి, గీత కాస్తా ధార అయింది. తెల్లకాలరు తడిసింది.

“రావద్దొరే!” సూరిబాబే కీచుగా అరిచాడు. “పారేయ్, రాడ్డు పారేయ్!”

అప్పారావు రాడ్డు కింద పడేశాడు. అది దొర్లుతూ వచ్చి జోసెఫిన్ చేతి దగ్గర ఆగింది.

“లూయీ,” అంది ఆమె. ఒక్కో మాటకీ పక్కటెముకలు గుచ్చుకుంటున్నాయి. “లూయీ, దిగరా. అయిపోయింది. అందరూ చూశారు. దిగు నాన్నా.”

“నువ్వు అటు తిరుగక్కా.”

“నీకు పదిహేడురా! ఇందాకేగా విన్నావు!”

“విన్నాను.” వాడు తల తిప్పలేదు. సూరిబాబు కళ్ళలోకే చూస్తున్నాడు. “పంతొమ్మిదని రాశారుగా. పెద్దోణ్ణి చేశారుగా. పెద్దోళ్ళ మధ్యలో పడేశారుగా. అక్కడ నన్నేం చేశారో తెలుసా నీకు?” గొంతు చీలింది. “ఈడికి తెలియాలి. ఈడికి ఒక్కడికి తెలిస్తే చాలు. తర్వాత ఎక్కడేసినా పర్లేదు.”

కత్తి పైకెత్తాడు. కొబ్బరిబొండం చెక్కేవాళ్ళు ఎత్తినట్టే, మోచెయ్యి వెనక్కి లాగి, మణికట్టు వంచి. ఆ వంపు జోసెఫిన్‌కి తెలుసు. సుద్దముక్క ఎలా పట్టుకోవాలో నేర్పుతూ తానే తన చేత్తో ఆ మణికట్టు వంచింది.

మాటలకి టైం లేదు. పట్టుకోవడానికి దూరం. చేతికందింది రాడ్డొక్కటే. ఆమె లేచిందో, పాకిందో తర్వాత ఎంత ఆలోచించినా గుర్తుకురాలేదు. రెండు చేతులా రాడ్డెత్తి, ఉన్న బలమంతా పెట్టి తమ్ముడి ఎడంచేతి మణికట్టు మీద కొట్టింది.

ఎముక విరిగిన చప్పుడు రోడ్డవతల టీ కొట్టుదాకా వినపడిందన్నారు.

కత్తి కాలవలో పడింది. లూయిస్ కేక పెట్టలేదు. వేలాడుతున్న చేతిని చూసుకున్నాడు. సూరిబాబుని వదిలేసి, అక్కని చూశాడు. వాడి కళ్ళలో అప్పటిదాకా ఉన్న మంట ఆరిపోయి, పసిపిల్లవాడి బిత్తర చూపు వచ్చింది.

“నువ్వా?” అన్నాడు.

ఈలోగా టీ కొట్టు దగ్గర్నుంచి, పేట లోపల్నుంచి జనం పరిగెత్తుకొచ్చారు. అప్పారావుని నలుగురు కలిసి కింద పడేసి తొక్కుతుంటే జోసెఫిన్ వాళ్ళ మధ్యకి దూరి, “కొట్టకండి! ఎవడూ చావకూడదు! ఇవాళ ఎవడూ చావకూడదు!” అని పిచ్చిదానిలా అరిచింది. సూరిబాబు మెడకి తన చున్నీ చుట్టి, రెండు చేతులా అదిమి పట్టుకుని, ఆటో వచ్చేదాకా కూర్చుంది. తన జీవితంలో అంత అసహ్యించుకున్న మనిషిని అంత గట్టిగా ఎన్నడూ పట్టుకోలేదు. “చావకు,” అంటూనే ఉంది వాడి చెవిలో. “చచ్చావంటే ఊరుకోను. చావకు.”

సూరిబాబు చావలేదు. కత్తి పెద్దనరం దాకా పోలేదన్నారు డాక్టర్లు. కిరణ్ తలకి కుట్లు పడ్డాయి, సాయంత్రానికి కళ్ళు తెరిచి మొదట తన డప్పు ఎక్కడుందని అడిగాడు. తేజస్విని వాచిన పెదవితో ఆస్పత్రి వరండాలో జోసెఫిన్‌ని పక్కకి లాక్కెళ్ళింది.

“హత్యాయత్నమే పెడతారక్కా. కానీ ప్రాణం పోలేదు కాబట్టి పెద్దోళ్ళ కోర్టుకి పంపే వీల్లేదు. బోర్డే చూస్తుంది. వాళ్ళే ముందొచ్చి కొట్టారు, ఊరంతా సాక్ష్యం.” గొంతు తగ్గించింది. “చెయ్యి సంగతి అడుగుతారు. నువ్వేం మాట్లాడకు.”

మహిళా ఎస్సై వచ్చి కుర్చీ లాక్కుంది. “కుర్రాడి చెయ్యి అప్పారావేగా విరగ్గొట్టింది? రాడ్డు అతనిదే అంటున్నారు.”

వరండాలో అందరూ జోసెఫిన్ వైపే చూశారు. అమ్మ తెరేసా అయితే అవునన్నట్టు తలూపుతూనే ఉంది. ఆ రాడ్డు దెబ్బ కూడా అప్పారావు ఖాతాలో పడితే కేసుకి బలం. అడిగేవాడు లేడు. పైగా వాడు చేసినవి తక్కువేం కావు.

“కాదండి,” అంది జోసెఫిన్. “నేనే కొట్టాను.”

“ఏంటమ్మా?”

“నేనే. రాసుకోండి. అప్పారావు నా పక్కటెముకలు విరగ్గొట్టాడు, కిరణ్‌ని పడేశాడు. అవి రాయండి. ఇది మాత్రం వాడు చెయ్యలేదు. చెయ్యనిది రాస్తే ఏమౌద్దో మా ఇంట్లో చూశాం.”

ఎస్సై రాసుకుంది. తెరేసా కొంగు నోట్లో కుక్కుకుని గోడ వైపు తిరిగిపోయింది.

లోపల మంచం మీద లూయిస్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. గుమ్మం బయట కానిస్టేబుల్. ఎడంచేతికి మోచేతి దాకా కట్టు. కుడిచెయ్యి పక్కన వంకరగా పడి ఉంది. ఆపరేషన్ చేసినా మణికట్టు పూర్తిగా తిరుగుతుందని చెప్పలేమన్నాడు డాక్టరు. పొద్దున్నుంచి వాడు ఎవరితోనూ మాట్లాడలేదు. అమ్మ గ్లాసు పెడితే తల తిప్పేశాడు. నర్సు పెడితే పళ్ళు బిగించాడు.

జోసెఫిన్ పెరుగన్నం గిన్నె పట్టుకుని మంచం అంచున కూర్చుంది. కూర్చోగానే పక్కటెముకలు కలుక్కుమన్నాయి. పళ్ళ బిగువున ఓర్చుకుని ముద్ద చేసింది. వాడి పెదవుల దగ్గర పెట్టి ఆగింది. చెయ్యి లాగుతున్నా దించలేదు.

చాలాసేపటికి వాడు కళ్ళు తెరవకుండానే నోరు తెరిచాడు.

ముద్ద లోపలికి వెళ్ళింది. పళ్ళు ఆమె వేళ్ళ మీద మూతపడ్డాయి. కొరికాడు. సరదాకి కాదు, ఎముక దాకా. పెరుగులోకి సన్నగా ఎరుపు దిగింది. జోసెఫిన్ కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. వేళ్ళు మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఎంతసేపటికో దవడ వదులైంది. వాడు ముద్ద నమిలాడు. మింగాడు.

“నొప్పెట్టిందా?” అని అడిగాడు.

“ఊఁ.”

లూయిస్ కళ్ళు తెరిచి పైకప్పు వైపు చూశాడు.

“ఉప్పు లేదు ఇందులో,” అన్నాడు. “ఇంకో ముద్ద పెట్టు.”